పుస్తకం చూసి పులి-కొంగ ఫారమ్: బొమ్మకీ బొమ్మకీ మధ్య ఏం చేయాలి?

సుద్దముక్క (కర్నూలు):

అందరికీ నమస్తే. హంగ్ గార్ అనే దక్షిణ చైనా కుంగ్‌ఫూ శైలిలోని పులి-కొంగ ఫారమ్ (వరసగా చేసే కదలికల కూర్పు) మీద పాత ఇంగ్లిష్ పుస్తకం జిరాక్స్ కాపీ దొరికింది. 116 ఫొటోలు, ఒక్కోదాని కింద రెండు మూడు లైన్లు. కర్నూలులో కరాటే, తైక్వాండో క్లాసులకు కొదవ లేదు గానీ ఈ శైలి చెప్పేవాళ్లు కనబడలేదు. కరాటే తెలుసు కాబట్టి హార్స్ స్టాన్స్ (కాళ్లు ఎడంగా పెట్టి గుర్రం మీద కూర్చున్నట్టు నిలబడడం), ఫ్రంట్ స్టాన్స్ కొత్త కాదు. ఇరుక్కున్నది వేరే చోట.

22వ ఫొటోలో కుడికాలు ముందుపెట్టి బో స్టాన్స్ (ముందు కాలు వంచి, వెనక కాలు చాచి నిలబడడం), ముఖం పేజీ కుడివైపుకి. 23లో ఎడమకాలు ముందు, ముఖం పేజీ ఎడమవైపుకి. కింద "వెనక్కి తిరిగి పులి పంజా వేయాలి" అని మాత్రమే ఉంది. ఎటు నుంచి తిరగాలి, ముందు ఏ కాలు కదపాలి?

41 నుంచి 48 దాకా రాతలో కుడిచేయి అని ఉంటే ఫొటోలో ఎడమచేయి ఉంది. ఏది నమ్మాలి?

పులి పంజా పట్టి పది నిమిషాలు చేస్తే ముంజేయి పట్టేస్తోంది, భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి.

చేసేది నాపరాళ్లు పరిచిన మిద్దె మీద. వారానికి ఎన్ని ఫొటోలు పెట్టుకోవచ్చు?

బురుజు518 (కర్నూలు):

ముందు 41-48 సంగతి తేల్చుకోండి. అది తప్పయితే దాని మీద కట్టిందంతా తప్పే.

పాత పుస్తకాల్లో ఫిల్ము తిరగబడి అచ్చవడం కొత్తేమీ కాదు. ఒక ఫొటో కాకుండా వరసగా కొన్ని ఫొటోలు కలిసి తిరగబడతాయి. కనిపెట్టడానికి మూడు గుర్తులున్నాయి. మొదటిది నమస్కారం ఫొటో: కుడి పిడికిలి, దాని మీద ఎడమ అరచేయి. అదే తారుమారుగా ఉంటే మొత్తం పుస్తకం మీద అనుమానపడాలి. రెండోది బట్టలు. 1వ ఫొటోలో చొక్కా గుండీల ముడులు ఏ వైపు ఉన్నాయి, నడుంపట్టీ ముడి ఏ తుంటి మీద వేలాడుతోంది చూడండి. చివరి ఫొటో దాకా అదే వైపు ఉండాలి. జిరాక్స్‌లో నల్లబడిపోయి ఉంటే మొబైల్‌లో ఫొటో తీసి వెలుతురు పెంచండి, కనబడుతుంది. మూడోది వెనకాల గోడ, చెట్టు, తలుపు.

అసలైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఫొటో తిరగబడితే చేయి ఒక్కటే మారదు. చేయి, కాలు, పక్కకి తిరిగిన దిక్కు మూడూ కలిసి మారతాయి. రాతకీ ఫొటోకీ చేయి దగ్గర మాత్రమే తేడా ఉండి, ముందున్న కాలు, దిక్కు సరిపోతుంటే తప్పు ఫొటోది కాదు, రాసినవాడిది. మూడూ తారుమారైతే ఫొటో తిరగబడింది, రాతనే నమ్మండి.

ఇక దిక్కులు. చాలా చైనా పుస్తకాల్లో మొదలుపెట్టేటప్పుడు దక్షిణానికి ముఖం పెడతారు, తూర్పు ఎడమచేతి వైపు ఉంటుంది. మనవాళ్లు ఏ పనైనా తూర్పుకి తిరిగి మొదలుపెడతారు. అలా మొదలుపెట్టి పుస్తకం "తూర్పుకి అడుగు" అనగానే తూర్పుకే వేస్తే ఫారమ్ మొత్తం పావు చుట్టు తిరిగిపోతుంది. దిక్కుల పేర్లు వదిలేసి గడియారం పెట్టుకోండి. మొదలుపెట్టినప్పుడు ముఖం ఎటుంటే అది 12. సుద్దతో నేల మీద అడ్డంగా, నిలువుగా, మూలలకీ నాలుగు గీతలు గీస్తే ఎనిమిది దిక్కులొస్తాయి. ప్రతి ఫొటో పక్కన పెన్సిల్‌తో ముఖం ఏ గంటకి ఉంది, ఎడమ పాదం ఏ గంటకి, కుడి పాదం ఏ గంటకి అని మూడు అంకెలు రాయండి. 116 ఫొటోలకీ ఇది పూర్తయ్యేదాకా చేతులు కదపక్కర్లేదు. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది, అంతే.

అప్పుడు అసలు కష్టం బయటపడుతుంది. పుస్తకం ఆగిన చోట్లనే చూపిస్తుంది, ఆగడానికి ముందు జరిగింది చూపించదు. దాన్ని రాబట్టడానికి ఒక్క సూత్రం చాలు: బరువున్న కాలు కదలదు. ఉదాహరణకి ఒక ఫొటోలో హార్స్, తర్వాతి ఫొటోలో ఎడమకాలు ముందుకొచ్చి క్యాట్ స్టాన్స్ (బరువు వెనక కాలి మీద, ముందు పాదం ఊరికే తాకి ఉంటుంది). హార్స్‌లో బరువు సగం సగం. ఎడమకాలు లేవాలంటే అంతకుముందే ఆ సగం కుడికాలి మీదికి పోవాలి. అంటే ఆ రెండింటి మధ్య అచ్చుకాని ఫొటో ఒకటుంది: తల ఎత్తు మారకుండా నడుము కుడివైపుకి జరగడం. ఇలాంటి 'లేని ఫొటో'లన్నీ చీటీల మీద రాసి పుస్తకంలో మధ్యమధ్య అంటించండి. 116 కాస్తా 160, 170 అవుతుంది. అప్పుడే అది చేయదగిన ఫారమ్.

తల ఎత్తు సరిచూసుకోవడానికి మిద్దె మీద బట్టలారేసే తీగ చాలు. హార్స్‌లో కూర్చున్నప్పుడు నెత్తి పైన బెత్తెడు ఎత్తులో తీగ కట్టండి. అడుగు మార్చేటప్పుడు తీగ తగిలిందంటే బరువు మార్చకుండా లేచి అడుగేస్తున్నారని లెక్క. కరాటే చేసి వచ్చినవాళ్లకి కూడా మొదట్లో తగులుతుంది.

వారానికి 5 లేదా 6 ఫొటోలు. మొదటి మూడు రోజులు చేతులు తుంటి మీద పెట్టుకుని కాళ్లు మాత్రమే. నాలుగో రోజు నడుము, చూపు. ఐదో రోజు చేతులు కలపండి. ఆరో రోజు వెనకటి వారం వాటితో అతికించండి. ఏడో రోజు మొబైల్‌లో తీసి పుస్తకం పక్కన పెట్టి చూడండి. వెనక కెమెరాతో తీయాలి. సెల్ఫీ కెమెరాలో తెర మీద అద్దంలా తిరగబడి కనబడుతుంది, కొన్ని ఫోన్లు వీడియోని కూడా అలాగే దాస్తాయి. 41-48 తలనొప్పి మళ్లీ మొదలు. ఫోను నడుము ఎత్తులో, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉండాలి. నేల మీద పెడితే స్టాన్స్ ఎంత లోతుందో తెలియదు.

చీనీతోట (అనంతపురం):

నాపరాయి మీద వద్దప్పా. గట్టిగా ఉండాదని కాదు, పట్టు తప్పుగా ఉండాదని. నునుపు బండ మీద చెమట చుక్క పడితే బో స్టాన్స్‌లో వెనక కాలు జారిపోతాది, గజ్జల్లో కండ పట్టేస్తాది. సరే అని రబ్బరు బూట్లు ఏసుకుంటే గరుకు బండ మీద పాదం అతుక్కోని ఉంటాది, నడుమేమో తిరుగుతాది. ఆ మెలిక పోయేది యాడికి? మోకాలికి. ఎండాకాలం పొద్దున ఏడున్నర దాటితే బండ కాలుతాది, అది వేరే సంగతి.

మన ఎర్రమన్ను శానా మేలు. 15 అడుగులకి 15 అడుగులు చాలు. గులకరాళ్లు ఏరేసి, ముందురోజు సాయంత్రం రెండు బిందెలు నీళ్లు చల్లి, చెక్కతో కొట్టి పెట్టుకుంటే పొద్దునకి పాదం తిరిగేంత జారు, నిలబడేంత పట్టు ఉంటాది. నంద్యాల పక్క నల్లరేగడి అయితే కుదరదు, తడిస్తే కాలికి కిలో మన్ను, ఎండితే నెర్రెలు. తాలింఖానాలో కుస్తీ గుంత మన్ను కూడా వద్దు. అది పడేదానికి చేసిన మన్ను, తిరిగేదానికి కాదు, కాలు దిగబడతాది. మిద్దె తప్ప గతి లేదంటే పలచటి అడుగున్న కాన్వాస్ బూట్లు ఏసుకో, అరిగిన జత అయితే ఇంకా మంచిది.

కరాటే స్టాన్సులు వచ్చని ధీమాగా ఉండొద్దు. కొలతలు వేరే. హంగ్ గార్ హార్స్ ఇట్ల తెరుస్తారు: రెండు పాదాలు జోడించి, మడమల మీద వేళ్లు బయటికి, వేళ్ల మీద మడమలు బయటికి, మళ్లా వేళ్లు, మళ్లా మడమలు. ఆఖరికి పాదాలు సమాంతరంగా రావల్ల. నీ పాదం కొలతే నీ స్టాన్స్ కొలత అవుతాది కాబట్టి పొట్టోనికైనా పొడుగోనికైనా సరిపోతాది. ఫొటోలో ఆయన తొడలు నేలకి సమాంతరంగా ఉంటాయి. నువ్వు మొదట్లో అంత దిగొద్దు. దానికి సగం లోతులో 30 సెకండ్లు నిలబడి నిమిషం ఇడుపు, అట్ల నాలుగు సార్లు. వారానికి పది సెకండ్లు పెంచు. రెండు నిమిషాలు నిలబడగలిగినాక లోతు పెంచు, అప్పుడు టైము మళ్లా 30కి తగ్గించు. రెండూ ఒకేసారి పెంచినోళ్లకే మోకాలి చిప్ప కింద నొప్పి వస్తాది.

దారానికి చిన్న రాయి కట్టి మోకాలి చిప్ప నడిమి నుంచి వదులు. రాయి బొటనవేలి పక్క వేలి మీద పడల్ల. బొటనవేలికి లోపలికి పడితే మోకాలు లోపలికి కూలుతా ఉండాదని. తొడలు బయటికి తిప్పినట్టు పట్టు, లేదంటే లోతు తగ్గించు. వేళ్లు దాటి ముందుకి పడితే మోకాళ్లు ముందుకి తోసినావని.

బో స్టాన్స్‌కి ముందు కాలి పిక్క నిట్టనిలువుగా, వెనక మడమ నేల మీద. ఈ రెండూ నిలబడినంత దూరమే నీ పొడవు. వెనక మడమ లేస్తా ఉంటే పొడుగైంది, తగ్గించు. క్యాట్ స్టాన్స్‌కి ముందు పాదం కింద కాగితం పెట్టి ఎవరితోనన్నా లాగించు. చినగకుండా రావల్ల.

పెన్నేటిగట్టు (కడప):

మా కడప బండను తిట్టినారు, ఓర్చుకుంటాం. అది ఇంటికి పరిచే రాయి, కుస్తీకి కాదు.

22 నుంచి 23కి వస్తా. తమ్ముడూ, పేజీ కుడివైపు 3 గంటలు, ఎడమవైపు 9, కెమెరాకి దూరంగా 12, కెమెరా ఉన్న వైపు 6 అనుకో. ఇది ఈ రెండు ఫొటోల వరకే, బురుజు అన్న చెప్పిన గడియారంతో కలపొద్దు. 22లో కుడి పాదం ముందు, వేళ్లు 3కి. ఎడమ పాదం వెనక, వేళ్లు 1-2 మధ్యకి. ముఖం 3కి ఉందంటే ఎడమచేతి వైపు 12 అవుతుంది. అంటే వెనకున్న ఎడమ పాదం కెమెరాకి కాస్త దూరంగా ఉండాలి.

ఎటు తిరగాలంటే ఎడమకే. కుడికి తిరగబోతే ఎడమ పాదం అర చుట్టుకి పైగా తిరగాల్సి వస్తుంది, తొడలు రెండూ మెలిపడతాయి. కాబట్టి మధ్యలో ఒక క్షణం కెమెరాకి వీపు కనబడాలి. ఇదీ అచ్చుకాని ఫొటోనే.

వరస ఇది. బరువు వెనక ఎడమకాలి మీదికి తీసుకో, సగానికి పైగా, రెండొంతుల దాకా. కుడి పాదం తేలికైంది కదా, దాన్ని మడమ మీద లోపలికి తిప్పు: 3 నుంచి 12 దాటించి, తుంటి రానిస్తే 10-11 మధ్యకి. ఇప్పుడు బరువు కుడికాలి మీదికి. ఎడమ పాదం ఖాళీ అయింది, ఎత్తి 9కి పెట్టు. తర్వాత నడుము, అన్నిటికంటే ఆఖరున చేయి.

చాలామంది తప్పు చేసేది ఎడమ పాదం దగ్గర. ఉన్న చోటే తిప్పేస్తారు. 22లో ఎడమ పాదం 12 వైపు గీత మీద ఉంది, కుడిది 6 వైపు గీత మీద. 9కి ముఖం పెట్టాక ఎడమచేతి వైపు 6 అవుతుంది, కాబట్టి ఎడమ పాదం ఇప్పుడు కుడి పాదం గీత దాటి 6 వైపుకి రావాలి. జరపకుండా తిప్పితే కాళ్లు కత్తెరలా అడ్డంపడి, పక్క నుంచి పిల్లోడు వేలితో తోసినా పడిపోతావు. సుమారు మూరెడు 6 వైపుకి జరిపి పెట్టాలి.

నమ్మకం కుదరకపోతే ఫొటోలే చూడు. 22లో ఎడమ పాదం పేజీ మీద కుడి పాదం కంటే పైకి ఉంటుంది, 23లో కిందికి ఉంటుంది. అలా ఉంటే జరిపినట్టే. రెండూ ఒకే గీత మీద ఉంటే మీ పుస్తకంలో ఆయన ఇరుకు స్టాన్స్ వాడుతున్నాడని. వెనకాల గోడ మీద మచ్చో చెట్టో గుర్తు పెట్టుకుని, మనిషి మొత్తం ఒక అడుగు ఎడమకి జరిగాడా కూడా చూడు. జరిగి ఉంటే అది ఉన్నచోట తిరగడం కాదు, తిరిగి ఇంకో అడుగు వేయడం.

కుడికాలి మీద బరువు పెట్టుకునే కుడి పాదం తిప్పొద్దు. తొందరలో అందరూ చేసేది అదే, మోకాల్లో మెనిస్కస్ (కీలు మధ్య ఉండే మెత్తటి ఎముక) దెబ్బతినేది అక్కడే. తిప్పేటప్పుడు 'టక్' అని మోకాలి లోపలి పక్క శబ్దం, తర్వాత వాపు వస్తే ఫారమ్ ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి, నూనె రుద్దుకుంటూ కూర్చోవద్దు.

కొంగజపం (కడప):

చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పులి పంజా. పెద్ద చీనీకాయ (బత్తాయి) ఒకటి అరచేత్తో పట్టుకోండి. వేళ్లు విడివిడిగా ఎలా తెరుచుకుంటాయో గమనించండి. కాయ తీసేసి, వేళ్ల చివరి రెండు కణుపులు ఇంకొంచెం వంచండి, మొదటి కణుపులు మాత్రం వెనక్కే ఉండాలి. బొటనవేలు కూడా వంగాలి. ఎదురుగా ఉన్నవాడికి అరచేయి కనబడాలి. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోతే అది పంజా కాదు, సగం పిడికిలి; దాంతో కొడితే వేళ్లే విరుగుతాయి.

మీ ముంజేయి పట్టేయడానికి కారణం పంజాని మొదటి నుంచి చివరి దాకా బిగించి ఉంచడం. పంజా నడుము దగ్గర బయలుదేరినప్పుడు కోడిగుడ్డు పట్టుకున్నంత వదులుగా ఉండాలి. ముందు తగిలేది మణికట్టు దగ్గరున్న అరచేతి దిమ్మ. తగిలిన తర్వాతే వేళ్లు బిగిసి కిందికి గీరుతాయి. బిగువు అర సెకండే, వెంటనే వదలాలి. ఫొటో తీసింది ఆ అర సెకండులో కాబట్టి చూసేవాళ్లకి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుందనిపిస్తుంది. భుజం లేవడం మోచేయి పక్కకి తెరుచుకోవడం వల్ల. మోచేయి నేల వైపు చూడాలి. చంకలో చేతిరుమాలు పెట్టుకుని పంజా వేయండి. రుమాలు పడితే మోచేయి లేచింది.

కొంగ ముక్కు మనకి కొత్త కాదు, అన్నం ముద్ద పట్టుకున్నట్టే. అయిదు వేళ్ల కొసలూ ఒకచోటికి రావాలి. చూపుడువేలు, నడిమివేలు, బొటనవేలు ముందు కలిసి, మిగతా రెండూ వాటికి ఆనాలి. మణికట్టు కిందికి వంగాలి. పుస్తకాలు 'ముక్కుతో పొడవడం' అంటాయి గానీ అదే దాని ప్రధాన పని కాదు. ఎదుటివాడి చేతిని మణికట్టుతో కొక్కెంలా తగిలించి లాగడం, మణికట్టు వెనక భాగంతో కిందినుంచి పైకి కొట్టడం కూడా అదే ఆకారంలో జరుగుతాయి. ఏదని తేల్చుకోవడానికి ముందు వెనకల ఫొటోలు చూడండి. చేయి శరీరం వైపు వస్తూ ముక్కయితే లాగడం, పైకి లేస్తూ ముక్కయితే మణికట్టు దెబ్బ, ముందుకి సూటిగా పోతే పొడవడం. బస్తాని ముక్కుతో పొడవడం మాత్రం మానుకోండి. వేలి కొసలు గోరు కింద చిట్లుతాయి.

ఒంటికాలి కొంగలో నిలబడిన మోకాలు కొంచెం వంగే ఉండాలి. లేచిన కాలి తొడ నడుము ఎత్తుకి, పాదం గజ్జలకి అడ్డంగా. ఊగిపోతుంటే తప్పు కాలిది కాదు, చూపుది. ఎదురుగా కంటి ఎత్తులో ఒక చుక్క పెట్టుకుని చూడండి. నిజం కొంగలాగే చేపని చూడాలి గానీ నీళ్లని కాదు.

వేళ్ల బలానికి పాత పద్ధతి జాడీ. మన ఊరగాయ జాడీ సరిగ్గా సరిపోతుంది. అయిదు వేళ్లతో మూతి అంచు పట్టి ఎత్తి, హార్స్‌లో 20 సెకండ్లు, చేతికి అయిదుసార్లు. మొదటి రెండు వారాలు ఖాళీ జాడీయే. తర్వాత రెండు వారాలకోసారి అర కిలో ఇసుక. జాడీ నున్నగా ఉంటుంది కాబట్టి కింద గోనెసంచి మడిచి వేయండి, పాదం మీద పడితే ఫారమ్ పోయి కట్టు వస్తుంది. ఎత్తిన ప్రతిసారీ వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి 20 సార్లు బయటికి తెరవండి. మూసే కండలకే పని చెప్పి తెరిచేవాటిని వదిలేస్తే మోచేయి బయటి పక్క నొప్పి మొదలవుతుంది. వేలి మొదట్లో, అరచేతి వైపు నొప్పి వస్తే రెండు వారాలు ఆపేయాలి. ఎదిగే వయసు పిల్లలకి ఈ జాడీలు, వేళ్ల మీద పుషప్పులు అసలొద్దు, వాళ్ల ఎముకల చివరలు ఇంకా గట్టిపడి ఉండవు.

ఫారమ్ మొదటి భాగంలో చూపుడువేలు నిలబెట్టి మిగతావి వంచి, చేతులు నెమ్మదిగా బిగించి తోసే కదలికలు ఉంటాయి. అక్కడ ఊపిరి బిగబట్టొద్దు. తోసేటప్పుడు పళ్ల సందుల్లోంచి వదులుతూనే ఉండాలి. బీపీ ఉన్నవాళ్లు ఆ భాగాన్ని బిగువు లేకుండా చేసుకోవాలి. బిగబట్టి తోస్తే బీపీ ఆ క్షణంలో బాగా ఎగుస్తుంది.

తాలింఖానా (అనంతపురం):

ఇంత చెప్పారు గానీ ఎవరూ అడగని మాట ఒకటుంది. పుస్తకంతోనే నేర్చుకోవాలనుకున్నవాడికి పులి-కొంగ ఎందుకు? వందకు పైగా కదలికలు, వేగం మారుతుంది, ఊపిరి మారుతుంది, నెమ్మదిగా బిగువుగా చేసే చోట్లు, ఒక్కసారిగా విసిరే చోట్లు. బాగా తెలిసినవాళ్లు మర్చిపోకుండా చూసుకోవడానికి పనికొచ్చే పుస్తకమది.

కాగితం మీంచి తీసుకోగలిగినవి వేరే ఉన్నాయి. షింగ్-యీ అనే చైనా శైలిలో 12 జంతువులు. ఒక్కోటీ చిన్న కదలికే, తిరిగి తిరిగి అదే, ఒక దారి వెంట పోయి రావడమే. పులి తీసుకుంటే మూలమూలకి అడుగులు వేస్తూ రెండు అరచేతులు కలిపి ముందుకి తోయడం. 116 ఫొటోలకి బదులు 8 ఫొటోలు. తప్పు జరిగినా అదే కదలిక వందసార్లు చేస్తారు కాబట్టి బయటపడుతుంది. ఇంకా తేలిక కావాలంటే వూ చిన్ షీ: పులి, జింక, ఎలుగు, కోతి, పక్షి. హాన్ కాలపు వైద్యుడు హువా తువో పేరు మీద చెప్పే వ్యాయామం. చైనాలో ఆరోగ్య చిగాంగ్ (ఊపిరితో కలిపి నెమ్మదిగా చేసే వ్యాయామం) కింద ప్రామాణికం చేసిన పద్ధతిలో జంతువుకి రెండు కదలికల చొప్పున పదే. కొట్లాట కాదు, నిజమే. బరువు మార్చడం, నడుము తిప్పడం, మడమలు లేపి మునివేళ్ల మీద లేవడం మాత్రం అక్కడ శుభ్రంగా వస్తాయి.

బురుజు518:

తాలింఖానా అన్న మాట సగం ఒప్పుకుంటాను. వూ చిన్ షీ మూడు నెలలు చేసి పులి-కొంగకి వస్తే నష్టం లేదు. షింగ్-యీకి మాత్రం ఒప్పుకోను. దాని శాన్-తీ నిలబడే పద్ధతిలో బరువు వెనక్కి ఉంటుంది, హంగ్ గార్ అడుగు వేరు. కరాటే ఫ్రంట్ స్టాన్స్ ఒకవైపు, శాన్-తీ ఒకవైపు, బో స్టాన్స్ ఇంకోవైపు లాగితే కాళ్లు ఎవరి మాట వింటాయి?

ఇంకో మాట. పుస్తకానికి తోడు వీడియోలు వెతుకుతారు కదా, పేర్ల దగ్గర పడిపోకండి. హంగ్ గార్ దక్షిణ చైనాలో కాంటనీస్ మాట్లాడేవాళ్లది, అందుకే పులి 'ఫూ', కొంగ 'హోక్', స్టాన్స్ 'మా'. మాండరిన్‌లో పులి 'హూ', స్టాన్స్ 'బూ'. ఒకే కదలిక రెండు పేర్లతో కనబడుతుంది. దానికి తలకిందులు కూడా ఉంది: 'తెల్లకొంగ రెక్కలు విప్పుట' అనే పేరు పది శైలుల్లో ఉంది, పదీ వేర్వేరు కదలికలు. 'తెల్లకొంగ' అని వెతికితే దక్షిణ చైనాలోని ఫుజియాన్ కొంగ వస్తుంది, అది దగ్గరగా, పొట్టి చేతులతో ఉంటుంది. టిబెట్ కొంగ వస్తే చేతులు చాచి గిరగిరా తిప్పుతారు. రెండూ మీ ఫారమ్ కాదు. 'ఆకలిగొన్న పులి గొర్రెను పట్టుట' అని పేరున్న కదలిక వెతకండి. సీమలో గొర్రెలు కాసేవాళ్లకి చెబితే ఏ చేయి మెడకి, ఏ చేయి కాలికి పోతుందో పుస్తకం కంటే బాగా చెప్తారు.

హంగ్ గార్ అని తేలినా ఒక్కటే రూపం ఉండదు. హంగ్ గార్ గురువు వాంగ్ ఫెయ్-హంగ్ (1847-1925) శిష్యుల్లో లామ్ సాయి-వింగ్ వరస ఒకటి, టాంగ్ ఫాంగ్ వరస ఒకటి. కదలికల సంఖ్య, కొన్ని మలుపులు తేడాగా ఉంటాయి. మీ పుస్తకం ఏ వరసదో ముందుమాటలో చూసి ఆ వరస వీడియో ఒక్కటే పెట్టుకోండి. రెండు వరసలు కలిపితే కాళ్ల లెక్క ఎక్కడో ఒక అడుగు తేలిపోతుంది. సుద్దగీతల కూడలి మీద మొదలుపెట్టి చివరికి ఎక్కడ తేలారో గుర్తు పెట్టండి, వీడియోలో ఆయన ఎక్కడ తేలాడో దాంతో పోల్చండి. రెండడుగులు పక్కకి పోయుంటే ఏదో ఒక ఫొటో మధ్య అడుగు మింగేశారు.

ఊళ్లో సహాయం కావాలంటే హంగ్ గార్ గురువే కావాలని లేదు. గోజు-ర్యు కరాటే నేర్పేవాళ్లుంటే వాళ్ల సాన్‌చిన్ ఫారమ్ మూలాలు ఫుజియాన్ వైపువే. మోచేయి దించడం, ఊపిరి, పాదాల పట్టు చూసి చెప్పగలరు. ఊషు (పోటీల్లో ఆడే చైనా యుద్ధకళ) కోచ్ దొరికితే నాన్‌చువాన్ (అందులో దక్షిణ చైనా శైలి) తెలుసా అని అడగండి. అందులోనూ పులి పంజా ఉంది, మలుపులు సరిదిద్దగలరు. ఫారమ్ నేర్పమని అడగొద్దు, "ఈ ఆరు ఫొటోల్లో నా మోకాలు, నా మోచేయి చూడండి" అని అడగండి.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలు. పెన్నేటిగట్టు అన్నా, 22లో ఎడమ పాదం పైకి, 23లో కిందికి ఉంది. గోడ మీద కిటికీ గుర్తుతో చూస్తే మనిషి జరగలేదు. అంటే ఉన్నచోట తిరిగి ఎడమ పాదం జరపడమే.

41-48 కూడా తేలింది. నడుంపట్టీ ముడి 40 దాకా ఎడమ తుంటి మీద, 41 నుంచి 48 దాకా కుడి తుంటి మీద, 49లో మళ్లీ ఎడమ మీద. 44 తప్ప మిగతావాటిలో చేయి, కాలు, దిక్కు మూడూ రాతకి తారుమారే. ఎదురెదురు పేజీలు, పేజీకి నాలుగు ఫొటోలు. మొబైల్‌లో ఆ రెండు పేజీలు తీసి అద్దంలోలా కుడిఎడమలు తిప్పి ప్రింటు తీయిస్తున్నాను. ఒక్క అనుమానం: 44 మాత్రం రాతతో సరిపోవడం లేదు, తిప్పి చూసినా సరే. కాలు, దిక్కు సరిగ్గా వస్తున్నాయి, చేయి ఒక్కటే తేడా.

పెన్నేటిగట్టు:

ఫొటో తిప్పినాక కాలు, దిక్కు కలిసి చేయి కలవలేదంటే 44లో రాత తప్పు. ఫొటోనే పట్టుకో. రూఢి చేసుకోవాలంటే 45 చూడు: 44లో ముందుకి చాచిన చేయి ఏదో, 45లో నడుం దగ్గరికి వెనక్కొచ్చిన చేయి అదే అయి ఉండాలి.

సుద్దముక్క:

45లో నడుం దగ్గరున్నది ఎడమ చేయి. తిప్పిన 44 ఫొటోలో చాచిందీ ఎడమే. రాతలో 'కుడి' కొట్టేసి పెన్సిల్‌తో రాసుకున్నా.